గాలి నడిచొచ్చేదాకా

ఇంట్లో చిన్నదాన్ని అందరూ తొందరమ్మ అనేవాళ్లు. అన్నం ఉడక్కముందే కంచం పెట్టుకుని కూర్చునే రకం. అలాంటి మనిషి చిట్టెలుక మెదడులో సెకనులో వెయ్యో వంతులు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరిందంటే, విధికి కూడా వేళాకోళం తెలుసనుకోవాలి.

ఇప్పుడామెకు కాలు ఒకచోట నిలవడం లేదు. మూడు నెలల కిందట అక్కకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అక్క దర్జీ. ఆ చేత్తోనే కత్తెర పట్టి చెల్లెల్ని చదివించింది. డాక్టరు చేతికి తగిలించే ఒక చిన్న కరెంటు పెట్టె ఇచ్చి, "ఆవిడ వేళ్లు ఎత్తాలని ప్రయత్నించగానే బటన్ నొక్కండి, అది సన్నగా కరెంటు పంపి వేళ్లు లేవడానికి సాయపడుతుంది. వచ్చే నెలాఖరుకి కదలిక రాకపోతే మాత్రం ఆశ తగ్గుతుంది," అన్నాడు. ఆరు వారాలుగా చెల్లెలు రోజూ పొద్దున్నే నొక్కుతూనే ఉంది. మొదట్లో కాస్త కదిలిన బొటనవేలు కూడా ఇప్పుడు మొరాయిస్తోంది. నెలాఖరు పది రోజుల్లోకి వచ్చింది.

ల్యాబ్‌లోనూ అదే శని. మత్తులో ఉన్న ఎలుక మీసం మీదికి గొట్టంలోంచి గాలి ఊదాలి. ఆ కబురు మెదడులో ఒక కణానికి చేరిన ఐదు మిల్లీసెకన్లకు, సన్నటి తీగతో కరెంటు తగిలించి ఆ కణాన్ని మోగించాలి. కబురు ముందు, మోత వెనక. అలా పదేపదే జరిగితే కబురు తెచ్చిన కణానికీ దీనికీ మధ్య ముడి బిగుస్తుంది. వరస తిరగబడితే సడలుతుంది. ఆమె బల్ల మీద మాత్రం పదకొండు ఎలుకల్లోనూ సడలుతూనే వచ్చింది.

"ఎలుకలే నామీద పగబట్టాయి బాబాయ్," అంది, గదిలో అటూ ఇటూ తిరుగుతూ.

పరికరాలు బాగుచేసే మెకానిక్‌ను అక్కడ అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన వంగి, బల్ల కింద చుట్టలు పడి ఉన్న గొట్టాన్ని బయటికి లాగాడు.

"ఇదెవరు మార్చారు?"

"నేనే. ఆ ఫ్యాన్ రొద భరించలేక బల్లని కిటికీ దగ్గరికి లాక్కున్నా. పాత గొట్టం అందలేదు."

"పాతది జానెడు. ఇది మూడు మీటర్లు. గాలి ఈ చివరికి రావడానికే తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. నీ టైమరేమో ఇంకా పాత గొట్టం లెక్కనే నడుస్తోంది. కబురు చేరేసరికే నీ కణం మోగిపోతోంది. గాలి నడిచొచ్చేదాకా ఆగవేంటమ్మా?"

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పొద్దున "ఊఁ, ఎత్తక్కా" అంటూనే బటన్ నొక్కేసిన సంగతి గుర్తొచ్చింది. ఈ ఒక్క పొద్దునే కాదు, రోజూ అంతే. మనిషి చెయ్యి ఎలుక కణం కాదు, అక్కడి లెక్కలు వేరు. అయినా వరస వరసే కదా అనుకుని సంచీ లాక్కుని బయటపడింది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది.

ఇంటికి చేరేసరికి అక్క ఎడంచేత్తో దారపు ఉండలు సర్దుకుంటోంది.

"అక్కా, నిజం చెప్పు. నేను నొక్కేముందు నువ్వు వేళ్లు ఎత్తాలని చూస్తున్నావా?"

అక్క చేతిలోని ఉండ పక్కన పెట్టింది. "మొదట్లో చూసేదాన్నే. నేననుకునేలోపే అవి లేచిపోతుంటే, ఇక నేనెందుకని మానేశా."

"మరి నాకు చెప్పొద్దూ!"

"మెదళ్ల మీద పనిచేసేదానివి. నీకు నేనేం చెప్తానే?"

చెల్లెలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆరు వారాల శ్రమను బూడిదలో పోసిన పన్నీరు చేసింది తనే. కళ్లు తుడుచుకుని పెట్టెను అక్క ఎడంచేతిలో పెట్టింది.

"నువ్వే నొక్కుకో. ఎత్తుతున్నట్టు లోపల అనిపించాకే."

"ఎంతసేపు పడుతుందో ఏమో."

"పట్టనీ. నిదానమే ప్రధానం."

"ఈ మాట నీ నోట వినడానికే బతికానేమో," అని నవ్వి, అక్క కళ్లు మూసుకుంది. నుదుటి మీద నరం ఉబ్బింది. ఏమీ జరగలేదు. చెల్లెలి నాలుక చివరిదాకా "ఊఁ" వచ్చింది. పళ్ల మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా రాలేదు, ఆగు," అంది అక్క.

చెల్లెలు ఆగింది.