గడువు దాటిన గండం

అసలు ఆ జ్యోతిష్కుడు నీళ్ళగండం పదహారో ఏడు నిండేదాకానే అన్నాడు కదా, తర్వాత పొడిగించింది ఎవరు? పదహారు నిండాక అమ్మ, "పెళ్ళయ్యేదాకా ఎందుకైనా మంచిది" అంది. పెళ్ళయ్యాక ఉదయ్ అందుకున్నాడు. అలా నీళ్ళగండం ఉన్న పిల్ల కాస్తా నీళ్ళగండం ఉన్న ఆడదైపోయింది. శశికళకు ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. చిన్నప్పుడు కృష్ణా పుష్కరాల్లో అందరూ మునకలేస్తుంటే, అమ్మ తనను గట్టు మీదే కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది. అమెరికాలో తాముండే కమ్మింగ్‌లో కూతురు నైనిక ఈత నేర్చుకున్నన్నాళ్ళూ తను అద్దానికి ఇవతల కుర్చీలోనే ఉండిపోయింది.

ఇప్పుడు అలాస్కాలో, రెండు నల్లటి కొండల మధ్య ఇరుక్కున్నట్టున్న సముద్రపు పాయలో, అద్దె పడవ మెట్ల మీద కూర్చుని ఉంది. చలికి ముక్కు ఉందో లేదో తెలియడం లేదు. ఉదయ్ తెరచాప దించేసి ఇంజిన్ మీద నడుపుతున్నాడు. ముందు కొసన నైనిక నడుముకి తాడు కట్టుకుని, పొడుగాటి కర్రతో మంచుగడ్డల్ని పక్కకు నెడుతోంది. ఆ మలుపు తిరిగితే హిమానీనదం. దాన్ని చూడాలనే జార్జియా నుంచి ఇంత దూరం వచ్చారు.

"నైనీ, ఇంక చాలు, లోపలికి రావే!"

"గండం నీకమ్మా, నాకు కాదు. చిల్!"

ఒక గడ్డ పడవ పక్కను గీసుకుంటూ పోయింది. ఉదయ్ ఇంజిన్ తగ్గించాడు.

"శశీ, నీకు భయంగా ఉంది కదా. వెనక్కి టర్న్ చేసేద్దాం. నీ కోసమే."

"నేనేమన్నా అన్నానా?"

"అనాలా ఏంటి? మొహం చూస్తే తెలీట్లా? మా ఆవిడకి వాటర్ పడదు, సగంలో వచ్చేశామని చెప్తాలే ఫ్రెండ్స్‌కి." నవ్వాడు.

ఆమె అతని మొహం చూడలేదు, చేతులు చూసింది. చుక్కాని చక్రాన్ని బిగించి పట్టుకున్న పట్టు చూసింది. ఆ పట్టు ఎక్కడో చూసిందే. అమ్మ చెంబు పట్టుకున్నది అలాగే. ఆ రోజు అమ్మ కూడా మునగలేదు. పిల్లని చూసుకోవాలిగా, అంది.

శశికళ తన లోపల భయం కోసం వెతుక్కుంది. ఉంది, లేకపోలేదు. వేలెడంత. మిగతాదంతా ఎవరెవరో తెచ్చి తన దగ్గర దాచుకున్నదే.

"భయమైతే నీ పేరు చెప్పి తిప్పు. నా పేరు చెప్పకు."

ఉదయ్ నవ్వు ఆగిపోయింది. "ఏంటి, కొత్తగా?"

"పాతదే. ఇప్పుడు అంటున్నా."

"సరే, నైనీ చేతులు పడిపోతున్నాయి చూడు. కర్ర పట్టేవాళ్ళు లేకుండా ముందుకెలా పోతాం?"

ఆమె లేచి, నడుముకి తాడు తగిలించుకుంది. కమ్మీ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ ముందుకు వెళ్ళింది. నైనిక నోరు తెరిచింది.

"అమ్మా, సీరియస్‌గా?"

"జరుగు."

కర్ర అనుకున్న దానికంటే బరువుగా ఉంది. కింద నీళ్ళు మూరెడు దూరంలో, ఆకుపచ్చగా, చల్లటి ఊపిరి వదులుతున్నట్టున్నాయి. గేదె దూడంత గడ్డ ఒకటి తిన్నగా ఆమె మీదికే వస్తోంది. శశికళ కర్ర కొసను దానికి ఆనించి, ఒళ్ళంతా మోపి నెట్టింది.