మొదటి గీత ఎందుకు మాయమవుతోంది?

ఆదివారం ఇంటెడు చాకిరీ తెమిల్చుకుని, కుల్సుం కిటికీ అద్దానికి కాగితాలు ఆనించి గీతలు దిద్దుతోంది. అరవై మంది విద్యార్థుల రికార్డులు మరి. "జీతమిచ్చి గీతలు గీయిస్తున్నారా మీ కాలేజీవాళ్ళు?" అంది అత్తగారు, ఈనెలు తీయమని చిక్కుడుకాయల పళ్ళెం ముందుకు తోస్తూ. కుల్సుంకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇంతా చేసి ఆమె చదివింది ఎమ్మెస్సీ లెక్కలు.

కొండపల్లి దారిలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీకి 2002లో మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల కంప్యూటరు ప్రోగ్రాం వచ్చింది. సైన్ గీత గీయమంటే గీస్తుంది. కొసైన్ కూడా గీయమంటే అదీ గీస్తుంది, కానీ సైన్ మాయమైపోతుంది. ల్యాబ్ ఇన్‌చార్జి సంజీవరావు గారు దానికో ఉపాయం కనిపెట్టారు. రికార్డుకి కావలసిన మూడు గీతలూ విడివిడిగా ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి దిద్దించడం. దిద్దేదెవరు? ఇంకెవరు, ల్యాబ్ అసిస్టెంటు కుల్సుం! ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు తనకిమ్మని అడిగితే, "గీతలు దిద్దడం వేరు, పాఠం చెప్పడం వేరమ్మా" అన్నారాయన.

"అంత పెద్ద మెషీను మూడు గీతల్ని కలిపి ఉంచలేదాండీ?" అని ఆ ఆదివారం సాయంత్రం భర్తనడిగింది. మునీర్ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "నీకెందుకా గోల? సారు చెప్పింది చెయ్యి. ముందు టీ పెట్టు." పెట్టింది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అదే ఆలోచన. మొదటిదే ఎందుకు పోతోంది? చెరపమని ఎవరన్నారు? ఉంచమని ఎవరూ అనలేదేమో! పెళ్ళయ్యాక తన లెక్కల పుస్తకాలు అటకెక్కినప్పుడూ అంతే. తీసెయ్యమని ఎవరూ అనలేదు. ఉంచమనీ ఎవరూ అనలేదు, తను కూడా.

సోమవారం అన్నం డబ్బా మూతైనా తీయకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. హెల్ప్ పేజీలన్నీ తిరగేసింది. దొరికింది! మొదటి గీత రాగానే 'హోల్డ్ ఆన్', అంటే ఉన్నది ఉంచమని, కొట్టాలి, అంతే. కొట్టింది. సైన్ ఉండగానే కొసైన్ వచ్చింది, మూడోదీ వచ్చింది. తీరా చూస్తే అన్నీ ఒకే నీలం, ఏది ఏదో తెలిసి చావదు. రంగు కూడా మనమే చెప్పాలని ఇంకో అరగంటకి అర్థమైంది. ఎర్రది, పచ్చది, నీలం. "ఓసి నీ దుంపతెగ!" అని పైకే అనేసింది. పెళ్ళయిన పదేళ్ళలో అంత సంతోషం ఎరగదు.

"భలే పట్టారే!" అన్నారు సంజీవరావు గారు, కమాండ్లు కాగితం మీద రాసుకుంటూ. "రేపు కాలేజీ తనిఖీకొచ్చే వాళ్ళకి నేను చూపిస్తాను. అటెండరు సెలవు, మీరు కాస్త టీల సంగతి చూడండి."

మర్నాడు వాళ్ళందరి ముందూ ఆయన మూడు గీతలూ గీసేసి, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, చిట్టచివర్న హోల్డ్ ఆన్ కొట్టారు. తెర మీద ఒక్కటే మిగిలింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఒక్కటే. టీ ట్రేతో నిలబడ్డ కుల్సుం వైపు వంగి, "ఎక్కడ తప్పిందో చెవిలో చెప్పండి, నేను కొడతాను" అన్నారు.

ఆమె వంగబోయింది కూడా. అంతలోనే నిటారుగా నిలబడింది.

"కాస్త లేవండి సార్" అంది, అందరికీ వినబడేలా. "ఈ ట్రే పట్టుకోండి."