బీప్ లేని కౌంటర్

మా గ్రంథాలయంలో కౌంటరమ్మకి చూపు మసకబారిందని అప్పటికి మాకెవరికీ తెలియదు. పాత సాఫ్ట్‌వేరే ఆవిడని కాపాడుతూ వచ్చింది. దానికి మౌస్ లేదు, బొమ్మలు లేవు, ఉన్నదల్లా నల్లటి తెర. పుస్తకం తిరిగి రాగానే ఆవిడ వేళ్లు వాటంతటవే మీటలు నొక్కేసేవి. ఒక బీప్ వస్తే సరే, రెండొస్తే గడువు దాటిందని అర్థం. అలా చెవులతోనే ఉద్యోగం నెట్టుకొచ్చింది. భర్త మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు.

ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, ఆవిడ అక్క కొడుకు. మా అధికారి పెద్దసారుని కాళ్లావేళ్లా పడి బతిమాలి, కొత్త సాఫ్ట్‌వేర్ పని వాడికి ఇప్పించింది ఆవిడే.

"ఏదైనా మార్చుకోరా, ఆ బీప్ ఒక్కటి ఉంచు" అంది.

"నేనున్నాగా పిన్నీ" అన్నాడు.

తర్వాత వాడు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, పాతదానితో మీకు చిరాకేమిటని అడిగాడు. ఏళ్ల తరబడి దాన్నే వాడుతున్నవాళ్లం, చెప్పడానికి మాకేం తక్కువ? నిశ్శబ్దం పాటించండని గోడ నిండా రాసుకుని మధ్యలో ఈ కూతేమిటని అందరికన్నా ముందు నేనే అందుకున్నాను. మిగతావాళ్లు వంత పాడారు.

"దాన్ని ఉండనివ్వండి" అంది కౌంటరమ్మ.

"ఎందుకూ?" అన్నాడు పెద్దసారు.

ఆవిడ అక్క కొడుకు వైపు తిరిగింది. వాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"అలవాటండీ" అంది చివరికి.

"అలవాటని చెప్తే ఎలా పిన్నీ, కారణం ఉండాలి కదా" అన్నాడు వాడు నవ్వుతూ. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

బీప్ తీసేసిన కొత్తది వచ్చిన వారంలోనే, ఇచ్చిన పుస్తకాలు ఇవ్వనట్టూ ఇవ్వనివి ఇచ్చినట్టూ నమోదై జనం కౌంటర్ మీద పడ్డారు. పెద్దసారు ఒక కాగితం ముందుపెట్టి చదవమన్నాడు. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. మాలో ఒకడు కిసుక్కున నవ్వాడు. నవ్వినవాడి మీద నాకు ఒళ్లు మండింది, అయినా తల దించుకుని నా పని చూసుకున్నాను.

ఆవిడ ఉద్యోగం మానేసిన రోజున వాడే చెయ్యి పట్టుకుని పాఠకుల మూలకి నడిపించాడు. చూపులేని పాఠకుల కోసం అక్కడ మాట్లాడే కంప్యూటర్ పెట్టాడు. దానికి వాడిని అందరూ తెగ మెచ్చుకున్నారు.

"నంబరు కొట్టి చూడు పిన్నీ, మొదట నువ్వే."

ఆవిడకి వచ్చింది తన ఉద్యోగి నంబరొక్కటే. వేళ్లు దాన్నే కొట్టాయి.

"ఈ ఉద్యోగి ఖాతా రద్దయింది" అంది యంత్రం, హాలంతా వినపడేలా. ఈసారి మాలో ఎవరూ చిరాకు పడలేదు.

"చూశావా పిన్నీ, ఎంత స్పష్టంగా చెప్తోందో" అన్నాడు వాడు.