నలభై ఒక్క ఫిర్యాదులు

అపార్ట్‌మెంట్ సంఘానికి ఊరికే సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన పాపానికి ఆయన్ని అందరూ ‘కంప్యూటర్‌గారు’ అంటారు. లిఫ్టు ఆగినా ఆయన్నే పిలుస్తారు.

ఆదివారం పొద్దున సెక్రటరీ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పాలా వద్దా తేల్చుకోలేక ఒకటి విప్పాడు.

“ఏమనుకోకండి సార్. మేడమ్‌గారు పోయి ఆరు నెలలైందా... మీటింగుకి రమ్మని ఆవిడకింకా మెసేజీలు పోతున్నాయి. లిస్టులోంచి తీసేస్తే బాగుంటుందేమో. మొన్న రాలేదని రిమైండర్ కూడా వెళ్ళిందట.”

“రెండు వచ్చాయండీ,” అన్నాడు కంప్యూటర్‌గారు. ఆమె ఫోనుకి ఆయన రోజూ చార్జింగు పెడుతున్నాడు.

సెక్రటరీ ఒంటి చెప్పుతో మెట్లు దిగి, రెండోదాని కోసం మళ్ళీ ఎక్కాడు.

తీసెయ్యడం ఒక్క నొక్కుడు పని. చిక్కల్లా వేరే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో సభ్యులది ఒక పట్టిక, ఫిర్యాదులది ఒక పట్టిక. ఏది ఎవరి తాలూకో ఒక్కసారి చుట్టరికం కలిపి రాస్తే చాలు, మిగతాదంతా ఓఆర్ఎమ్ అనే పనిముట్టు చూసుకుంటుంది. సభ్యుడు పోతే అతని ఫిర్యాదులూ వెంట పోవాలి. దాన్ని కాస్కేడ్ అంటారు. మూడేళ్ళ కిందట ఆ ముక్క రాసి, మురిసిపోయి, భార్యను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాడు.

“అంటే నేను పోతే నా ఫిర్యాదులన్నీ పోతాయా?”

“పోతాయి. సెక్రటరీ ప్రాణం హాయిగా ఉంటుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఆమె పేరు మీద నలభై ఒకటి ఉన్నాయి. ఉత్తరాలు రాసుకున్న దంపతులు కారు వాళ్ళు. ఆమె రాసినవంటూ మిగిలినవి అవే. ఆయన కాస్కేడ్ ముక్క కొట్టేసి, పక్కన ఒక నకలు మీద పరీక్షించాడు. ఫిర్యాదులు నిలిచాయి. ‘ఫిర్యాదుదారు’ అన్నచోట ‘ఎవరూ లేరు’ అని వచ్చింది.  అది చెరిపి, ఆ ఇంట్లో ఉన్న ఇంకో సభ్యుడి పేరుకి అవి మారాలని రాసి, అసలు పట్టికలో ఆమె పేరు మీద ‘తీసెయ్’ నొక్కాడు.

ఆ ఇంట్లో ఇంకో సభ్యుడంటే ఆయనే. ఆయన ఫోను నలభై ఒక్కసార్లు మోగింది.

‘మెట్ల మీద మూడో అంతస్తువాళ్ళ సైకిలు. దానికి చక్రాలు కూడా లేవు.’ ‘లిఫ్టు అద్దంలో అందరం పదేళ్ళు ముసలాళ్ళలా కనబడుతున్నాం, మార్చగలరు.’ ‘సెక్రటరీగారు మొక్కలకి పోసే నీళ్ళు మా దుప్పట్ల మీద.’ చివరిది:

‘మా ఇంటాయన స్నానం చేస్తూ పాడుతున్నారు. శ్రుతి లేదు. నేను చెబితే వినరు. సంఘం తరఫున చెప్పగలరు.’

కింద సాఫ్ట్‌వేర్ అడుగుతోంది: ‘ఈ సమస్య తీరిందా?’

పాడి ఆరు నెలలైంది. లెక్కప్రకారం తీరినట్టే.

‘లేదు’ అని నొక్కాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి, స్నానాల గది కిటికీ బార్లా తెరిచి, వచ్చిన రెండు పాటలూ గొంతెత్తి పాడాడు.

సాయంత్రం దాకా ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.