అందరి బొట్టూ నాకే

నేను ఒక గాజు కుప్పెను. అడుగు వెడల్పు, మెడ సన్నం. కడుపునిండా తిని కూర్చున్న పెద్దమనిషి వాటం నాది. చదువుకున్నవాళ్లు కోనికల్ ఫ్లాస్క్ అంటారు, మా ల్యాబ్ ఊడ్చి తుడిచే కనకవ్వ బుడ్డి అంటుంది. రెండు పేర్లకూ పలుకుతాను.

ఇసుకగా పుట్టి, కొలిమిలో కరిగి, ఎవరో ఊపిరి బిగబట్టి ఊదితే ఈ రూపానికొచ్చాను. గడ్డి పరిచిన పెట్టెలో పడుకుని జనగామ దగ్గరి ఒక చిన్న కాలేజీకి చేరాను. అక్కడ ఎన్నో చేతులు మారాను. ఒక బ్యాచ్ పిల్లలు నాలో లవణాలు కరిగించారు, ఇంకో బ్యాచ్ వాళ్లు టీ కాచుకున్నారు. మనుషులు భలేవాళ్లు. నా ఒంటిమీద గీతలు గీసి కొలతలు నేర్పుతారు, వాళ్లు మాత్రం చక్కెర చేతికొచ్చినంత వేసుకుంటారు.

చివరికి అఖిల చేతిలో పడ్డాను. ఎమ్మెస్సీ పిల్ల. వెండిని కంటికి ఆనని నలుసులుగా మార్చడం ఆమె పని. అంతకుముందు దానికొక ఘాటైన విషపు మందు వాడేవారు. మా గదికి ఉన్నదల్లా ఒక్క కిటికీ. ఆ మందు తీసిన రోజు అఖిలకు తలనొప్పి, కనకవ్వకు దగ్గు. అది చూసి ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు: దసరా సెలవులు కాగానే విషం లేకుండా చేసి చూపించాలి, లేకపోతే ఆ పని మానేయాలి. అఖిలకు ఆ పనంటే ప్రాణం. వాళ్ల నర్మద మేడమ్ విటమిన్ సి వాడమంది. ఉసిరికాయలో ఉండేదే, నోట్లో వేసుకున్నా భయం లేదు. వెండి నీళ్లలో కాస్త పలచటి గంజి కలిపి, విటమిన్ సి చుక్కలు వేస్తే, తెల్లటి నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. అదే గుర్తు.

సెలవులకు ముందురోజు ల్యాబ్‌లో ఆయుధ పూజ జరిగింది. కనకవ్వ పసుపు గిన్నెతో వచ్చింది.

"కత్తులకు, బండ్లకు బొట్టు వెడ్తం. దినాం మీతోని చాకిరి చేసే బుడ్డిలకు వెట్టద్దా?" అని నా మెడకూ మూతికీ మెత్తింది. ఆ ప్రేమలో కొంత లోపలికి కూడా జారింది. అఖిల చేతులు జోడించి దండం పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు పెళ్లికూతురినైనట్టే ఉంది.

సెలవులు అయిపోయాయి. అఖిల ఆత్రంగా వచ్చి, పూజ చేసిన కుప్పెను కడిగితే ఎలా అనుకుందో ఏమో, నాలో తిన్నగా వెండి నీళ్లు పోసింది. సెలవులకు ముందు కలిపి మూత పెట్టకుండా వదిలేసిన విటమిన్ సి నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసింది. పసుపు రంగు!

"అయింది మేడమ్, అయింది!" అని ఎగిరింది. పేడాలు పంచారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తానని ప్రిన్సిపాల్ కబురు పంపాడు. ఆత్రంలో అఖిల చూడలేదుగానీ, ఆ రంగు విటమిన్ సి పడకముందే వచ్చిందని నాకు తెలుసు. నోరుందిగానీ మాట లేదు, ఏం చేయను?

సాయంత్రం అఖిల ఆ నీళ్లు సీసాలోకి వంచి, నన్ను కడగడానికి చాకలి సోడా కలిపిన నీళ్లు పోసింది. నా లోపలంతా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎలా అవుతుందో అలా. అఖిల మొహం వాడిపోయింది. సీసాలోంచి ఒక చుక్క తీసి సోడా వేసి చూసింది. అదీ ఎరుపే. గదిలో ఎవరూ లేరు. నన్ను తళతళా కడిగేసి ఊరుకుంటే అడిగేవాడు లేడు. అయినా నన్ను పట్టుకుని నేరుగా మేడమ్ దగ్గరికి నడిచింది.

"ఇది వెండి కాదు మేడమ్. కనకవ్వ పసుపు."

మేడమ్ నావంక చూసింది, అఖిల వంక చూసింది, పకపకా నవ్వింది. "ఇప్పుడే దొరికింది, మంచిదైంది. రేపు సార్ ముందట ఎర్రగైతే మన మొకాలు గూడ ఎర్రగైతుండె."

"నా పసుపు మీ కొంప ముంచెనా బిడ్డా!" అని కనకవ్వ లబోదిబోమంది.

"నీ పసుపు ఒక్కటే కాదవ్వా, నా విటమిన్ సి గూడ మూత లేక పాడైపాయె" అంది అఖిల.

మర్నాడు ప్రిన్సిపాల్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శుభ్రంగా కడిగిన నాలో వెండి నీళ్లు, గంజి, అప్పుడే కలిపిన విటమిన్ సి. ఒక చుక్క. ఏమీ లేదు. ఇంకో చుక్క. కనకవ్వ గడపలో కళ్లు మూసుకుంది. అప్పుడు నా కడుపులో ఏదో కదిలింది. లేత నిమ్మపండు రంగు మెల్లగా మొదలై, చూస్తుండగానే తేనెలా చిక్కబడింది. అఖిల కొంచెం వేరే గొట్టంలోకి వంచి సోడా వేసింది. ఎర్రబడలేదు.

"విషమూ లేదు, వాసనా లేదు. నడుపుకోండి" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ సంబరంలో అఖిల నన్ను రాతి బల్లమీద టక్కున దించింది. మూతి పెచ్చు ఊడింది. పనిలోంచి తీసేసినట్టే. చెత్తబుట్టలోకి పోతాననుకున్నాను. కనకవ్వ పోనిస్తుందా? "ఇగ మీ బుడ్డిలను ముట్ట. అందరి బొట్టు దీనికే వెడ్త" అని కిటికీలో కూర్చోబెట్టింది.

అఖిల ఇప్పుడు ఇదే కాలేజీలో పాఠం చెబుతోంది. మొన్న దసరాకు తనే వచ్చి నాకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కుని, కనకవ్వకు చూపించి, ఆ పైనే మిగతా కుప్పెలను ముట్టుకుంది.