పడని చెట్లు

"నిన్న రేడియోలో నీ గొంతు వణికింది," అన్నాడు డ్వేన్, గుడ్డు పెంకు ఒలుచుకుంటూ, ఆమె వైపు చూడకుండానే.

నోరీన్ అప్పుడు అతని మధ్యాహ్నం డబ్బా సర్దుతోంది. రొట్టె ముక్కకి ఆవముద్ద ఒకవైపే రాయాలి, రెండువైపులా రాస్తే అతనికి నచ్చదు. ఆమె డబ్బా ఇంకా ఖాళీగానే ఉంది. ఇద్దరూ వెళ్ళేది ఒకే అడవికి. అతను అడవి రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతాడు, పర్మనెంటు మనిషి. ఆమె మంచు కరిగాక చేరి, మళ్ళీ మంచు పడేలోగా ఇంటికొచ్చేసే సీజను మనిషి. ఆ సీజను వాళ్ళలోనే నలుగురి జట్టుకి పెద్ద. ఇడాహో ఉత్తరపు కొనలో ఉన్న ఆ ప్రభుత్వ అడవిలో రేడియో అందరికీ ఒక్కటే. ఎవరు మీట నొక్కి ఏం మాట్లాడినా రోడ్డు పనివాళ్ళూ, మంటలార్పేవాళ్ళూ, ఆఫీసులో కాఫీ తాగుతున్నవాళ్ళూ అందరూ వింటారు. డ్వేన్ గ్రేడర్లో కూర్చుని రోజంతా భార్య గొంతు వింటాడు. ఇంటికొచ్చాక దానికి మార్కులు వేస్తాడు.

"వాతావరణం రెండుసార్లు అడిగావు. ఒకసారి చెప్తే అర్థం కాదా అని మావాళ్ళు నవ్వుకున్నారు."

"మధ్యాహ్నానికి మారుతుందేమోనని అడిగాను."

"నీకు అన్నీ భయాలే," అన్నాడు డ్వేన్. విసుగుతో కూడా కాదు, ఉప్పు అందించమన్నట్టు.

ఆమె ఉప్పు కూడా అందించింది. పొయ్యి మీద పెనం పిడి బయటికి ఉంటే అలవాటుగా లోపలికి తిప్పింది. సర్దిన డబ్బా అతని ముందు పెట్టి, తన డబ్బాలో ఒక ఆపిలూ, నిన్నటి రొట్టే పడేసుకుని ట్రక్కు తాళాలు తీసుకుంది.

దారి పొడవునా ఆ మాట వెంటే వచ్చింది. నిజంగానే వణికిందా? వణికి ఉంటే హల్వర్సన్ కూడా వినే ఉంటాడు. హల్వర్సన్ ఆమె పైఅధికారి. వచ్చే ఏడాది నుంచి జట్టు నాయకుడి ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తున్నారు. దానికి ఎవరి పేరు పంపాలో చెప్పేది అతనే. ఇన్నేళ్ళుగా ప్రతి అక్టోబరులోనూ టోపీ, రేడియో తిరిగి అప్పగించి, వసంతంలో మళ్ళీ పిలుస్తారో లేదోనని ఫోను దగ్గర కూర్చోవడం ఆమెకి విసుగెత్తిపోయింది. ఈ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఆ సంగతి ఇంట్లో ఎత్తితే గొంతు నిజంగానే వణుకుతుందని ఎత్తడం మానేసింది.

ఇది సీజనులో ఆఖరి వారం. రెండేళ్ళ కిందట తగలబడిపోయిన కొండవాలు ఒకటి మిగిలింది. అక్కడ నిరుడు నాటిన ట్యామరాక్, తెల్ల పైను మొక్కలు ఎన్ని బతికాయో లెక్క తేలితేగానీ వసంతానికి నర్సరీకి కొత్త మొక్కలు చెప్పలేరు. ఈరోజు అయిపోవాలని హల్వర్సన్ నిన్ననే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. అతను రెండుసార్లు చెప్తే ఎవరూ నవ్వుకోలేదు.

కొండ కింద ట్రక్కులు ఆపాక, ఎప్పటిలాగే బానెట్ చుట్టూ నిలబడి ఆనాటి ప్రమాదాలు మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం గాలి ఉండొచ్చని చెప్పింది నోరీన్. పని ప్రమాదం అనిపిస్తే జట్టులో ఎవరైనా సరే వద్దనొచ్చు, తప్పు లేదు అని కూడా చెప్పింది. రోజూ చెప్పే మాటే. అందరూ తలూపుతూ వింటారు. వద్దన్న మనిషిని మాత్రం ఆమె ఇన్ని సీజన్లలో ఒక్కరినీ చూడలేదు.

"బాస్, ఈరోజు కూడా మీరు ఆకాశం లెక్కపెడతారా?" అన్నాడు ట్రావిస్. రెండో సీజను కుర్రాడు, ఎద్దులా పనిచేస్తాడు, నోరు ఊరుకోదు. మిగతావాళ్ళు నవ్వారు. యాకిమా నుంచి వచ్చిన మారిసోల్ మాత్రం తల వంచుకుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది.

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మొక్కలు లెక్కపెట్టేవాడు మధ్యలో మేకు పాతి, దానికి కట్టిన తాడు పట్టుకుని గుండ్రంగా తిరుగుతాడు. వంగిన నడుం వంగినట్టే ఉంటుంది, కళ్ళు నేల మీదే ఉంటాయి. చుట్టూ కాలిపోయి, చచ్చి, ఇంకా నిలబడే ఉన్న చెట్లు. పచ్చి చెట్టు పడబోయే ముందు చిటపటమంటుంది. వీటికి కింద వేళ్ళు ఎప్పుడో బొగ్గయిపోయాయి. ఇవి చప్పుడు చేయకుండా పడతాయి. అందుకని నలుగురు కిందికి చూస్తుంటే ఒకరు పైకి చూడాలి. ఆ ఒకరు నోరీన్. రోజంతా మెడ పట్టేసేలా పైకి చూస్తుంది. సాయంత్రానికి నలుగురి లెక్కలూ కాగితం మీద ఉంటాయి. ఆమె చేసింది ఎక్కడా ఉండదు.

పొద్దున్నంతా గాలి లేదు. పని చకచకా సాగింది. సాగేకొద్దీ ఆమె ఇంకా ఎక్కువసార్లు పైకి చూసింది. భోజనానికి ఆగినప్పుడు ట్రావిస్ వెళ్ళి నల్లటి మానుకి వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. కొత్తవాళ్ళు చేసే పొరపాటే. వాడు కొత్తవాడు కాదు, అదే ఆమెకి ఒళ్ళు మండించింది.

"లేచి ఇటు రా."

"దీన్ని రెండేళ్ళుగా గాలే పడెయ్యలేదు, నా వీపేం చేస్తుంది బాస్?"

ఆమె గొడ్డలి వెనక వైపుతో ఆ మాను మీద కొట్టింది. డొల్లగా మోగింది. ట్రావిస్ లేచాడు. లేస్తూ మిగతావాళ్ళ వైపు చూసి, మా అమ్మ గుర్తొచ్చిందిరా అన్నట్టు కనుబొమలెగరేశాడు. నోరీన్ చూడనట్టు ఆపిల్ కొరికింది.

చూడనట్టు ఉండటం ఆమెకి బాగా వచ్చు. కూతురు డార్సీ పసిపిల్లగా ఉన్నప్పుడు, డ్వేన్ తల్లి ఆల్మా వాళ్ళ వంటింట్లో కూర్చుని అనేది: "అమ్మాయ్, నీ భయాలు పిల్లకి అంటించకు. మేమూ పెంచాం నలుగుర్ని, ఇంత హడావుడి ఎరగం." ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నోరీన్ పెనం పిడి లోపలికి తిప్పుతూ ఉండేది. మెట్ల దగ్గర తలుపు గడియ పెడుతూ ఉండేది. డ్వేన్ వేటకి వెళ్ళొచ్చి బల్ల మీద వదిలేసిన తుపాకీలోంచి తూటాలు తీసి పైఅరలో పెడుతూ ఉండేది. డార్సీ కాలకుండా, పడకుండా, తగలకుండా పెరిగి పెద్దదై ఇప్పుడు స్పొకేన్లో నర్సింగు చదువుతోంది. పిల్ల అదృష్టవంతురాలు, ఏ దెబ్బా తగల్లేదు అని ఆల్మా ఇప్పటికీ అందరితో చెప్తుంది. అదృష్టమట! నోరీన్‌కి ఒక్కోసారి ఆ మాట తలుచుకుంటే నవ్వు కాదు, ఏడుపే వస్తుంది.

మళ్ళీ పని మొదలెట్టిన కాసేపటికి గాలి లేచింది. ముందు పెద్దగా ఏం కాదు. కిందనున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు, చెమట ఆరి హాయిగా ఉంటుంది. పైన మాత్రం మోడులు ఊగుతున్నాయి. కొమ్మల్లేని చెట్టు ఊగడం వేరుగా ఉంటుంది. మొదలు దగ్గర్నుంచీ ఊగుతుంది.

ఆమె మోడుల మీంచి చూపు తిప్పలేదు. ఇది గాలా, నా భయమా? రేడియోలో చెప్పిన వేగం కంటే ఎక్కువేం లేదు. ఇంకా కొంచెమే మిగిలింది. జట్టుని కిందికి దింపేస్తే హల్వర్సన్ ఏమంటాడో తెలుసు. దింపాక గాలి ఆగిపోతే? అందరూ వింటారు, డ్వేన్ వింటాడు, రాత్రి భోజనం బల్ల దగ్గర అదే కూర. దింపకపోతే? మారిసోల్ వంగి ఉన్న వీపు ఆమెకి కనిపిస్తోంది. పక్కనే మోడు. ఇంకొంచెం చూద్దాం అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరి వీపు పణంగా పెట్టి చూద్దామనుకుంటున్నాను? నా ఉద్యోగం కోసం ఇంకొకరి కూతురి వీపునా?

దగ్గరికి వెళ్ళింది. "ఎలా ఉంది మారిసోల్?"

"బాగానే ఉంది." తాడు వదిలేసింది ఆ పిల్ల. "బాగా లేదు. ఇందాకట్నుంచీ భయంగా ఉంది. చెప్తే నవ్వుతారేమోనని... మీరు ఏమీ అనట్లేదు కదా, అంటే నాకొక్కదానికే అనుకున్నా."

నోరీన్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఆమె నోరు మూసుకుని ఉండటం చూసి ఆ పిల్ల నోరు మూసుకుంది. ఇంట్లో ఆమె నేర్చుకున్న విద్యనే ఈ కొండ మీద ఇంకో ఆడపిల్లకి మాట్లాడకుండానే నేర్పేసింది.

రేడియో తీసి మీట నొక్కింది. జట్టు కొండ దిగుతోందని, మిగిలిన పని ఇవాళ అవదని చెప్పింది.

కాసేపటికి హల్వర్సన్ గొంతు వచ్చింది. "ఏదైనా పడిందా?"

"లేదు."

"ఎవరికైనా తగిలిందా?"

"లేదు."

"మరి?"

ఆ చిన్న మాట తర్వాత అడవి అడవంతా చెవులొగ్గి ఉందని ఆమెకి తెలుసు. ఇలాంటి చోట ఆమె ఎప్పుడూ ఒక వాక్యం వాడుతుంది. క్షమించండి, నాదే అతి జాగ్రత్తేమో, మీరెలా అంటే అలా. పెళ్ళయినప్పటి నుంచీ నోట్లో సిద్ధంగా ఉండే వాక్యం. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వద్దంటున్నాను," అంది. "దిగుతున్నాం."

గొంతు వణికింది. వణికితే వణికింది, మాట మాత్రం పూర్తిగా వెళ్ళింది. ట్రావిస్ తల తిప్పి చూశాడు. మేకులు పీకి, తాళ్ళు చుట్టుకుని, మధ్యమధ్య పైకి చూసుకుంటూ దిగిపోయారు.

ఆ సాయంత్రం డ్వేన్ ఇంటికొచ్చేసరికి ఆమె తలనొప్పని పడుకుంది. మర్నాడు పొద్దున్నే ఆఫీసు వాకిట్లో హల్వర్సన్ ఆమెని పక్కకి పిలిచాడు. కోపంగా ఏం మాట్లాడలేదు. పర్మనెంటు ఉద్యోగానికి, మొదలుపెట్టింది ముగించే మనిషి కావాలి, నీ పేరు పంపాలంటే ఇక ఆలోచించుకోవాలి నోరీన్ అన్నాడు. జాలిగానే అన్నాడు. ఆ జాలి ఆమెకి మరీ నొప్పెట్టింది. సరే అంది. ఆలోచించుకోండి, నేను మాత్రం దరఖాస్తు పెడుతున్నాను అని కూడా అంది. అది తన గొంతేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

గాలి లేదు. మళ్ళీ అదే కొండెక్కారు. ఎక్కుతున్నంతసేపూ నోరీన్ కళ్ళు ఒక్కదానికోసమే వెతికాయి. ఒక్క చెట్టు. నిన్న వాళ్ళు వంగి పనిచేసిన చోట అడ్డంగా పడి ఉన్న ఒక్క మాను ఉంటే చాలు. హల్వర్సన్‌ని పిలుచుకొచ్చి చూపించవచ్చు. రేడియోలో అందరికీ చెప్పవచ్చు. దేవుడా, ఒక్కటి పడి ఉండనీ అనుకుంటోందని గ్రహించి సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే వెతికింది.

ఏదీ పడలేదు. డొల్లగా మోగిన ఆ మాను కూడా తాపీగా నిలబడే ఉంది.

"అన్నీ నిలబడే ఉన్నాయి బాస్," అన్నాడు ట్రావిస్. వెక్కిరింతలాగే ఉంది, కానీ నిన్నటంత కాదు.

"అవును. మీరూ నిలబడే ఉన్నారు."

వాడు తాడు విప్పుకుంటూ పనిలోకి దిగాడు. మధ్యాహ్నంలోగా పని అయిపోయింది. మారిసోల్ తన వంతు లెక్క ముగించి, ఎవరూ చెప్పకుండానే వచ్చి నోరీన్ పక్కన నిలబడి పైకి చూడటం మొదలుపెట్టింది. నోరీన్ చాలా రోజుల తర్వాత మెడ దించి కాసేపు నేలని చూసింది. బూడిదలోంచి లేచిన ట్యామరాక్ మొక్కలు జానెడు కూడా లేవు. చలికాలం ముందు రాలిపోయే ఆకులు అప్పుడే పసుపు తిరిగాయి. ఇంత అందంగా ఉంటాయని మర్చేపోయింది.

ఆ సాయంత్రం ఆమె బంగాళాదుంపలు వేయిస్తుంటే డ్వేన్ వచ్చి బూట్లు విప్పుకుంటూ, దాచుకున్న నవ్వుతో అడిగాడు. "అందరూ విన్నారు నిన్న. దుకాణంలో కూడా అదే మాట. ఇంతకీ పడిందా ఏదైనా?"

"ఏదీ పడలేదు."

"చూశావా మరి."

నోరీన్ గరిటె పక్కన పెట్టింది. గొంతు వణుకుతుందేమోనని చూసుకుంది. వణకలేదు.

"ఈ ఇంట్లో కూడా ఇన్నేళ్ళుగా ఏదీ పడలేదు డ్వేన్. ఎవరూ కాలలేదు, ఏ తుపాకీ పేలలేదు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా?"

ఆమె పొయ్యి వైపు తిరిగి, ఈ ఇంట్లో చిన్నపిల్లలు లేక ఎన్నేళ్ళయినా, పెనం పిడి లోపలికి తిప్పింది. డ్వేన్ సగం విప్పిన బూటు పట్టుకుని ఆ చేతినే చూస్తున్నాడు. అతను ఆ పని చూడటం అదే మొదటిసారి.