అత్తమ్మ వడికిన గొంగడి

స్లీపింగ్ బ్యాగును ఉతకకూడదట, ఎండలో వేసి దులపాలట. ఈ సంగతి మా ఆయన శివకుమార్ వీడియో చూపించి మరీ నేర్పాడు. చలికాలం వచ్చిందంటే చాలు, దోస్తులతో బైకుల మీద అడవులకూ గుట్టలకూ పోయి టెంట్లు వేసుకుని పడుకుంటాడు. పోయే ముందు రోజు పులిహోర, కోడికూర, కారప్పూస నావి. వచ్చాక బురద బూట్లు, పొగవాసన కొట్టే చొక్కాలు, ఈ బ్యాగు నావి. ఒకసారి నన్ను గూడ తీసుకపో అన్నాను. "గాడ నువ్వేం జేస్తవ్ నవనీతా? బాత్రూం ఉండదు, ఏముండదు. మల్ల నువ్వే పరేషాన్ అయితవ్" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే నాకు ఒళ్లు మండింది. పొద్దు పొడవకముందే లేచి అందరికీ డబ్బాలు కట్టి, బడికి పోయి అరిచి అరిచి లెక్కలు చెప్పి, వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించే నేను, గుట్ట మీద ఒక్క రాత్రికి పరేషాన్ అవుతానట.

సూర్యాపేటలో మా బడికి నిరుడు ఆటల టీచరుగా సరిత వచ్చింది. నేరేడుచర్ల అవతల తండా పిల్ల. తాడు కట్టుకుని రాళ్లెక్కడం ఏదో క్యాంపులో నేర్చుకుంది. డిసెంబరులో ఒకరోజు స్టాఫ్‌రూములో, "మా తండ ఎనక రాతిగుట్ట ఉంది మేడం. ఆడోళ్లమే పోదాం. రాత్రికి టెంటేసుకొని పండుకుందాం, తెల్లారినంక రాయెక్కుదాం" అంది. మిర్యాలగూడ దాకా బస్సులో ఆడవాళ్లకు పైసా లేని జీరో టికెట్టు, అక్కణ్నుంచి షేర్ ఆటో. తాళ్లు, టెంట్లు సరితవి. కప్పుకునేవి మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

ఇంట్లో స్లీపింగ్ బ్యాగు అడిగాను. "అది జర మంచిది నవనీతా, జిప్పు పోతే మల్ల దొరకదు. అయినా నీకిప్పుడు గీ ట్రిప్పులేంది?" అన్నాడు శివకుమార్. మంచం మీద నుంచి మామయ్య అందుకున్నాడు. "గుట్ట మీద ఆడోళ్లు పండుడేంది? గొర్ల మంద కాడ మేం పండినం గని, మా ఇంటి ఆడోళ్లు ఏనాడన్న పండిన్రా?" మా అత్తమ్మ సరోజన తలెత్తకుండా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె కూడా అదే అనుకుంటోందని నాకు నేనే అనుకున్నాను. గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, నాకు కుదరదని సరితకు ఫోన్లో మెసేజి కొట్టాను. పంపబోతుంటే లోపల ఇనప పెట్టె మూత చప్పుడైంది.

మామయ్యకు ఒకప్పుడు తుంగతుర్తి దగ్గర గొర్లుండేవి. కత్తిరించిన ఉన్నిని ఇంటి ఆడవాళ్లు కూర్చుని వడికేవారు. నేసి వచ్చిన గొంగడి మాత్రం మగవాళ్ల భుజం మీదికి పోయేది. మంద వెంట తిరిగే మనిషికి వానలో, చలిలో అదే ఇల్లు. గొర్లు అమ్మి పట్నం వచ్చాక ఆ నల్ల గొంగడి పెట్టెలో పడింది. అత్తమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఓ సరోజనా, అది నా గొంగడి" అన్నాడు మామయ్య.

"ఉన్ని వడికింది నేను" అంది అత్తమ్మ.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె మామయ్యకు ఎదురు చెప్పగా వినలేదు. మామయ్య కూడా అంతకుముందు విని ఉండడు. ఆమె నా వైపు తిరిగి గొంగడి ఒక మూల మడిచి ముడివేసి, నా తల మీద టోపీలా కూర్చోబెట్టింది. "మంచు పడుతది. గిట్ల ముడేసుకుంటే తలకాయ తడవది. పోయిరా బిడ్డా. వంట నేను జూసుకుంట." తర్వాత కొడుకుతో, "నీ డబ్బ నువ్వు కట్టుకో" అంది. నేను మెసేజి చెరిపేశాను.

పోయింది ఆరుగురం. ప్రతి ఒక్కరమూ ఆరుగురికి సరిపడా వండుకొచ్చాం. పులిహోర డబ్బాలన్నీ వరసగా పెట్టేసరికి పెండ్లి వంటల్లా ఉన్నాయి. అంతకన్నా పెద్ద పొరపాటు తెల్లవారుజామున చేశాం. చీకటి ఉండగానే చాయ్ పెట్టాలని లేచి బయటికొస్తే, అప్పటికే అందరూ కొంగులు బిగించి పొయ్యి రాళ్ల చుట్టూ నిలబడి ఉన్నారు. "ఎవరి కోసం లేసిన్రు మేడం? మీ సార్లు ఊర్లనే ఉండిరి గద!" అంది సరిత. కడుపు నొప్పి పుట్టేలా నవ్వి, పోయి మళ్లీ పడుకున్నాం. లేచినదాన్ని మళ్లీ పడుకోవడం పెళ్లయ్యాక నాకు అదే మొదలు.

రాయి సగం దాకా బాగానే ఎక్కాను. అక్కడ కాలికి పట్టు దొరకలేదు. ఏడుపొచ్చింది. నీకెందుకివన్నీ అంటారని చెవులు వాటంతటవే ఎదురుచూశాయి. ఎవరూ అనలేదు. "తాడు నా చేతుల ఉంది మేడం. కిందికి సూడకుండ్రి. బొటనేలు ఆనించి లేవుండ్రి" అని కింది నుంచి సరిత చెప్పింది. ఆనించాను. లేచాను.

పైన గాలి చల్లగా కొడుతోంది. కింద కోసిన వరి మళ్లు, కాలువ నీళ్లు, దూరంగా రైసుమిల్లు పొగ. మొక్కులప్పుడు కూడా నేనంతగా దండం పెట్టి ఉండను. సరితకు పెట్టాను, తాడుకు పెట్టాను, జీరో టికెట్టు కొట్టిన కండక్టరమ్మకు పెట్టాను. స్లీపింగ్ బ్యాగు ఇవ్వని మా ఆయనకు కూడా పెట్టాను. ఇచ్చి ఉంటే గొంగడి పెట్టెలోనే ఉండేది.

అత్తమ్మకు ఫోన్ చేశాను.

"ఎక్కినవా?"

"ఎక్కిన అత్తమ్మా."

పక్కన మామయ్య వింటాడని కాబోలు, గొంతు తగ్గించింది. "రాత్రి వెచ్చగ ఉండెనా బిడ్డా? గొంగడి కప్పుకుంటే వెచ్చగ ఉంటదా?"

ఇంటి మగవాళ్లందరి గొంగళ్లకూ ఉన్ని వడికిన మనిషి అడుగుతోంది. "శానా వెచ్చగుంది అత్తమ్మా" అని మాత్రం అనగలిగాను.

ఫోన్ పెట్టేసి, కిందికి దిగి, తాడు చుట్టుకుంటున్న సరిత దగ్గరికి వెళ్లాను.

"మల్లెప్పుడు పెడుతవ్?"

"వచ్చే నెల మేడం."

"ఇంకొకామె వస్తది. రాయి ఎక్కదు. గొంగడి కప్పుకొని పండుకుంటది."